అత్త అనని మాట

బ్రేకులమ్మ దగ్గర కారు నేర్చుకున్నవాడు చచ్చినా క్లచ్ మీద కాలు వేసుకుని బండి నడపడని ఆ పేటలో ఒక మాట ఉండేది. ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడిపేది. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, నోటికి మాత్రం బ్రేకు లేకుండా తిట్టేది. "రోడ్డు మీ తాత నీ పేర రాసిచ్చాడా?" అని ఒకణ్ణి, "ఆ అద్దం మొహం చూసుకోడానిక్కాదమ్మా, వెనక ఎవడొస్తున్నాడో చూడ్డానికి" అని ఇంకొకామెని. తిట్లు తిన్నవాళ్లే లైసెన్సు చేతికి రాగానే స్వీటు ప్యాకెట్లు పట్టుకుని వచ్చేవారు.

ఆవిడ మొగుడు నోట్లో నాలుక లేని మనిషి. "మా ఇంట్లో మాటలన్నీ ఆవిడ వాటాకే వెళ్లిపోయాయి" అని నవ్వేవాడు.

వాళ్ల మేనకోడలు పిచ్చుక. కుదురుగా ఒక చోట కూర్చోదని చిన్నప్పుడు అత్త పెట్టిన పేరు అది. కాలేజీ చదువంతా అత్త ఇంట్లోనే సాగింది. చదివింది బయోమెడికల్ ఇంజనీరింగ్. మనిషి ఒంటికీ యంత్రానికీ మధ్య వంతెన వేసే చదువని అత్తకి వివరించబోతే, "ఇంజనీరంటావు, ఎక్కడా ఇంజనే కనపడదేమే?" అని ఆవిడ వెక్కిరించేది.

అలాంటి మనిషికి ముందు చేతివేళ్లు పట్టు తప్పాయి. తర్వాత నాలుక మందమైంది. బ్రేకులమ్మ ఈ మధ్య మెత్తబడిందని నేర్చుకునేవాళ్లు అనుకున్నారు. మెత్తబడలేదు. ఒంట్లో కండరాలన్నీ ఒకటొకటిగా చచ్చుబడే జబ్బు అది, మందు లేదు అని డాక్టరు చెప్పాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆవిడ మంచానికి అతుక్కుపోయింది. గొంతు పూర్తిగా పోయింది. కళ్లు మాత్రం అప్పటిలాగే చురుక్కుమంటూ ఉండేవి. రెప్ప ఒకసారి వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. అంత పెద్ద నోరు చివరికి రెండు రెప్పల్లోకి ఇమిడిపోయింది.

పిచ్చుక పనిచేసే కంపెనీలో అప్పటికే మాటపోయిన వాళ్ల కోసం ఒక పెట్టె తయారవుతోంది. గడ్డం కిందా మెడ మీదా నాణెమంత బిళ్లలు అతికిస్తారు. మనిషి మాట అనబోయినప్పుడు, శబ్దం రాకపోయినా, అక్కడి కండరాల్లో సన్నటి కదలిక పుడుతుంది. బిళ్లలు దాన్ని పట్టుకుంటాయి, పెట్టె దాన్ని మాటగా మార్చి పలుకుతుంది. అత్త గొంతు పోకముందే పిచ్చుక పట్టుబట్టి ఆవిడచేత గంటలకొద్దీ చదివించి రికార్డు చేసి పెట్టింది. కాబట్టి పెట్టె పలికేది ఆవిడ గొంతుతోనే.

మొదటి పెట్టె నత్తనడక. ఒక్కో మాటకీ మధ్య పెద్ద ఎడం. పైగా సగం మాటలు అంతుపట్టేవి కావు. చూడవచ్చినవాళ్లు రెండు మాటలు వినేసరికి వాచీలు చూసుకునేవారు, లేకపోతే మూడో మాట తామే అందించేసేవారు.

"ఇలా అయితే దీన్ని ఎవరూ వాడరు. అటక మీద పారేస్తారు" అన్నాడు కంపెనీ డైరెక్టరు. అది డబ్బాశతో అన్న మాట కాదు. ఆయన తండ్రి పక్షవాతంతో మాట లేకుండానే పోయాడు. "మా నాన్న ఏదో చెప్పాలని చూసేవాడు. మేము విసుక్కుని లేచి వెళ్లిపోయేవాళ్లం. వినేవాళ్లు కూర్చోవాలంటే మాట జోరుగా రావాలి. ఆ పని నువ్వు చూడు."

పిచ్చుక చూసింది. పెట్టెకి పట్టుబడని మాట ఉన్నచోట, అలాంటి సందర్భంలో మామూలుగా మనుషులు ఏమంటారో లెక్కగట్టి ఆ మాట పెట్టే ఏర్పాటు చేసింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పూరింపు.

పూరింపు పెట్టిన రోజున అత్త మంచం చుట్టూ అందరూ మూగారు. అత్త గడ్డం కింద చర్మం సన్నగా వణికింది. పెట్టె గలగలా పలికింది: "అందరూ వచ్చారా? చాలా సంతోషంగా ఉంది."

మామయ్య గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకున్నాడు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం పిచ్చుక ఇంటికి నడిచి వెళ్లింది. పట్టలేని ఆనందం వల్ల నడుస్తున్నాననుకుంది.

ఆ తర్వాత రెండు నెలలు ఇల్లు మళ్లీ ఇల్లయింది. పలకరించడానికి వచ్చేవాళ్లు కూర్చునేవారు. ఒకనాడు మామయ్య వంటింటి గుమ్మంలో ఆపి గుసగుసగా అన్నాడు. "మీ అత్త ఎంత మారిందో చూశావుటే! ముప్పై ఏళ్లుగా 'ఏమయ్యా' తప్ప ఇంకో పిలుపు ఎరగను. ఇప్పుడు 'ఏవండీ' అంటోంది. మొన్న 'మీకు శ్రమ ఇస్తున్నాను' అంది. జబ్బు మనిషిని ఎంత మంచి చేస్తుందో!"

పిచ్చుక నవ్వింది. బస్సెక్కాక ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. ఏవండీ? అత్తా?

మర్నాటి నుంచి ఆమెకి పని మీద మనసు నిలవలేదు. జబ్బు ముదిరేకొద్దీ కండరాల కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గేకొద్దీ పెట్టెకి తెలియని మాటలు పెరుగుతాయి. తెలియని మాటలు పెరిగేకొద్దీ పూరింపు పెరుగుతుంది. అంటే అత్త బలహీనపడేకొద్దీ పెట్టె మరింత ధారాళంగా మాట్లాడుతుంది. ఈ లెక్క తనకి మొదటి నుంచీ తెలుసు. దాన్ని కాగితం మీద గొప్పగా చూపించింది కూడా తనే. కాలుగాలిన పిల్లిలా ల్యాబంతా తిరిగింది. ఎవరైనా ఏమైందని అడిగితే "ఏం లేదు" అంది.

ఆ వారమే అత్తని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరి తీసే కండరాలు కూడా సడలుతున్నాయి. డాక్టరు మంచివాడే, కాకపోతే పది గదుల్లో పదిమంది ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతామని, ఆ గొట్టాన్ని ఊపిరి యంత్రానికి తగిలిస్తామని, అలా అయితే కొన్నేళ్లయినా బతకొచ్చని, కాని ఇక జీవితాంతం ఆ యంత్రంతోనే ఉండాలని విడమరిచి చెప్పాడు.

"మీకు ఇష్టమేనామ్మా?" అని అడిగాడు. అడిగి పెట్టెకేసి చూశాడు. మామయ్యా పెట్టెకేసే చూశాడు. అది వచ్చాక ఆవిడ కళ్లలోకి చూడటం అందరూ మరిచిపోయారు.

"మీరు ఎలా చెబితే అలాగే డాక్టరు గారూ. నాకు సమ్మతమే" అంది పెట్టె, అత్త గొంతుతో.

"హమ్మయ్య" అన్నాడు మామయ్య. డాక్టరు తేదీ చూడమని నర్సుకి చెబుతూ లేచాడు.

సమ్మతమే! ట్రాఫిక్ పోలీసుతో కూడా సమ్మతించని మనిషి. పిచ్చుక మంచం మీదికి వంగింది. అత్త కళ్ల నిండా నీళ్లు.

"పాపం, మనసు కరిగింది" అంది నర్సు.

"అత్తా, ఇప్పుడు అన్నది నీ మాటేనా? నీదయితే ఒకసారి రెప్ప వెయ్యి. కాకపోతే రెండుసార్లు."

ఒక రెప్ప. అందరూ ఊపిరి వదలబోయేలోగా, ఇంకొకటి.

డాక్టరు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "పెట్టె సరే అంది కదమ్మా."

"అన్నది పెట్టే, డాక్టరు గారూ. తేదీ ఇప్పుడే వెయ్యకండి. మళ్లీ తీసుకొస్తాం."

ఇంటికి వచ్చి మంచం మీద పడుకోబెట్టాక పిచ్చుక పెట్టె వెనక మూత తీసింది. మామయ్య అడ్డం వచ్చాడు.

"ఏం చేస్తున్నావు? బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావు?"

"పూరింపు ఆపేస్తున్నాను మామయ్యా. మళ్లీ మొదట్లోలా ఒక్కో మాటే వస్తుంది. అత్త మాట మాత్రమే వస్తుంది."

"అప్పట్లో ఆవిడ ఎంత అలిసిపోయేదో మరిచిపోయావా?"

పిచ్చుక మీట నొక్కింది. బిళ్లల కింద చర్మం కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. చాలాసేపటికి పెట్టె పలికింది.

"ఎద్దు."

"ఎద్దా?" అన్నాడు మామయ్య బిత్తరపోయి.

అత్త కళ్లు ఎర్రబడ్డాయి. మళ్లీ ప్రయత్నించింది.

"వద్దు."

"ఏది వద్దు? గొట్టమా?"

రెండు రెప్పలు. అది కాదు. పిచ్చుక మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. లేవాలని కాళ్లు పీకుతున్నా కదల్లేదు. ఒక్కో మాట ఊడిపడేది. మధ్యలో అత్త కళ్లు మూసుకుని సత్తువ కూడదీసుకునేది.

"పెట్టె. నాది. కాదు."

"ఎప్పటి నుంచి అత్తా? ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పా. చాలాసార్లు." పెద్ద ఎడం. "బాలేదు. అంటే. బాగుంది. అంటది."

ఫిర్యాదు చేయడానికి ఆవిడకి ఉన్న దారి ఆ పెట్టె ఒక్కటే. ఆ పెట్టె ప్రతిసారీ ఫిర్యాదుని పొగడ్తగా మార్చి, ఆవిడ గొంతుతోనే వినిపించింది. తను అది విని పొంగిపోయి, కంపెనీలో పదిమందికీ చెప్పింది.

"మరి నాకు కళ్లతో సైగ చెయ్యొచ్చుగా?" అన్నాడు మామయ్య.

అత్త ఆయనకేసి చూసింది.

"నవ్వుతున్నావు. నువ్వు."

ఏవండీ అన్నది ఆవిడ కాదని మామయ్యకి అప్పుడు తెలిసింది. తెలిసీ తన నవ్వు కోసం రెండు నెలలు ఊరుకుందని కూడా అప్పుడే తెలిసింది.

"గొట్టం సంగతి చెప్పత్తా."

"భయం."

ఆ మాట ఆ ఇంట్లో ఆవిడ నోట ఎవరూ విని ఎరగరు. పెట్టె అయితే జన్మలో అనేది కాదు. డాక్టరు ఎదుట మర్యాదస్తులు అనే మాటల్లో అది లేదు.

"అయితే వద్దా?"

"అడగండి." గడ్డం వణికింది. "నన్ను. అడగండి."

మర్నాడు పొద్దున్నే పిచ్చుక డైరెక్టరు గదిలో నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. అప్పటికే ఇరవై ఇళ్లలో ఆ పెట్టె ఉంది. వచ్చే నెల బజారులోకి వస్తోంది.

"ఒక్కరి విషయంలో తప్పు జరిగితే అందర్నీ మూగవాళ్లని చేస్తానంటావా? మిగతావాళ్లందరూ సంతోషంగా ఉన్నారు. మొన్ననేగా అడిగాం" అన్నాడు డైరెక్టరు.

"దేంతో చెప్పారు సార్ వాళ్లు? మన పెట్టెతోనేగా!"

"చూడు, మామూలు మనుషులం మనమైనా ఎదుటివాడి మాట సగమే వింటాం. మిగతా సగం ఊహించుకుంటాం. లోకమంతా పూరింపే."

"మనం తప్పు ఊహిస్తే ఎదుటివాడు అరుస్తాడు సార్. మా అత్తకి ఆ దారి లేదు. అరిస్తే అది కూడా ధన్యవాదాలైపోతుంది."

ఆయన ఒప్పుకోలేదు. వాదన తెగలేదు. పిచ్చుక విసురుగా వెళ్లి ల్యాబులోంచి ఒక పెట్టె తెచ్చింది. "ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి. బిళ్లలు మీకే పెడతాను." పక్క గదుల్లోవాళ్లు తొంగిచూస్తున్నారు. కాదంటే బాగుండదని ఆయన మెడ చాపాడు. పిచ్చుక బిళ్లల్ని గట్టిగా అతికించలేదు. అత్త కండరాల్లో ఎంత కదలిక మిగిలిందో అంతే అందేలా వదులుగా పెట్టింది. ఆ సంగతి ఆయనకి చెప్పే పెట్టింది.

"శబ్దం చెయ్యకుండా అనండి సార్. వచ్చే నెల పెట్టెని బజారులోకి తేకుండా ఆపుదామా?"

డైరెక్టరు పెదవులు కదిపాడు. ఏమన్నాడో అందరికీ కనిపించింది. ఆపేదే లేదు.

"మీరు చెప్పింది నిజమే. అలాగే చేద్దాం. ధన్యవాదాలు" అంది పెట్టె.

గుమ్మంలో ఎవరో ఫక్కున నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. మళ్లీ పెదవులు కదిపాడు, ఈసారి మొహం కందిపోయేలా.

"నాకు చాలా సంతోషంగా ఉంది" అంది పెట్టె.

ఆయన బిళ్లలు పీకి బల్ల మీద పెట్టాడు. చివరికి, "ఇరవై ఇళ్లకీ వెళ్లు" అన్నాడు. "నేనూ వస్తాను."

వెళ్లారు. అన్ని ఇళ్లలోనూ ఒకే మాట వినబడలేదు. పూరింపు ఆపగానే ఒకావిడ మొదట అన్న మాట కూతుర్ని తిట్టిన తిట్టు. కూతురు ఆనందంతో ఏడ్చింది. ఒక పాత పోస్టుమాస్టరు మాత్రం గంట కష్టపడి చెప్పింది వేరు. "పూరింపు. ఉంచండి. అలుపు." కాసేపాగి, "దాని. తప్పులు. నావే. అనుకుంటా." వేరేవాళ్ల నోటితోనైనా సరే నలుగురిలో కూర్చోవాలన్నది ఆయన కోరిక. అది తప్పని చెప్పడానికి పిచ్చుక ఎవరు? ఒక ఇంట్లో నేరమైనది పక్కింట్లో ఊరట.

పెట్టె బజారులోకి రావడం వాయిదా పడింది. పిచ్చుక మొత్తం తిరగరాసింది. మనిషి అన్న మాట మామూలు గొంతుతో, పెట్టె ఊహించిన మాట వేరే గొంతుతో, మెల్లగా వస్తుంది. మనిషి గడ్డం బిగించి ఒప్పుకుంటేనే అది మాట కింద లెక్క. ఒంటికి సంబంధించిన ప్రశ్న వస్తే ఊహ అసలు నోరెత్తదు. పోస్టుమాస్టరులాంటివాళ్లు కావాలంటే పూరింపు ఉంచుకోవచ్చు, కాని ఉంచాలా వద్దా అని వాళ్లని మధ్యమధ్య పూరింపు లేకుండా అడగాలి.

ఈలోగా డాక్టరు అత్తని చూడటానికి ఇంటికే వచ్చాడు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మౌనం అర్ధాంగీకారం అనే రకం కాదని ఆవిడ గురించి అప్పటికి ఆయనకి తెలిసింది. అత్త ప్రశ్న మీద ప్రశ్న వేసింది, ఒక్కో మాటే. గొట్టం పెడితే నొప్పా? యంత్రం ఆగిపోతే? కళ్లు కూడా పోతే? ఆ చివరి ప్రశ్నకి డాక్టరు తల దించుకున్నాడు. "పోవచ్చమ్మా. అప్పుడు లోపల మీరున్నా మాకు తెలిసే దారి ఉండదు."

ఆవిడ నాలుగు రోజులు ఆలోచించుకుంది. తర్వాత చెప్పింది.

"వద్దు."

పిచ్చుక విడివిడిగా మూడు రకాలుగా అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. మూడోసారి అత్త, "చెవుడా?" అంది.

ముక్కు మీద తొడిగే, ఊపిరికి సాయపడే మాస్కుతో ఇంకొన్ని నెలలు గడిచాయి. ఆ నెలల్లో ఆవిడ మాట్లాడింది తక్కువ. అన్నదంతా ఆవిడే. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పిచ్చుక చెయ్యి పట్టుకుని ఉండగానే, ఊపిరి ఆగిపోయింది.

అందరూ వెళ్లిపోయాక మామయ్య, పిచ్చుక మొహంలోకి చూడకుండా అన్నాడు. "నువ్వు ఆ మీట నొక్కకపోతే ఆవిడ ఇవాళ బతికుండేది."

పిచ్చుక కాదనలేదు. అది నిజమే.

ఆరు నెలలు ఆ గడప తొక్కలేదు. పనిలో పడింది. ఇంకా ఇళ్లు, ఇంకా మెడలు, ఇంకా బిళ్లలు. రాత్రి పడుకుంటే మామయ్య మాట చెవిలో గింగురుమనేది. లేచి కూర్చుంటే అత్త అన్న "నన్ను. అడగండి" వినిపించేది. రెండింట్లో ఏదీ రెండోదాన్ని నోరు మూయించలేకపోయింది.

ఒక ఆదివారం మామయ్యే ఫోన్ చేశాడు. "ఒకసారి రా. ఒకటి అడగాలి."

వెళ్లింది. ఆయన సన్నబడ్డాడు. గదిలో మంచం తీసేశారు. ఆయన ఉపోద్ఘాతం లేకుండా అడిగాడు.

"ఆ రెండు నెలల్లో ఒక రోజు, నేను చెంచాతో టీ పడుతుంటే, 'ఈ పూట టీ బాగుంది' అంది. పెళ్లయిన దగ్గర్నుంచి నా టీని ఆవిడ మెచ్చుకోలేదు. అది ఆవిడ అన్నదా, పెట్టె అన్నదా?"

పిచ్చుక నిలబడే ఉంది. ఆ రోజుల్లో ఏ మాట ఎవరిదో పెట్టె గుర్తుపెట్టుకునేది కాదు. అవసరమని ఆమెకి అప్పుడు తోచలేదు. ఆవిడే అన్నదని ఒక్క మాట చెబితే ఆ ముసలాయన మిగిలిన బతుకంతా దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. గొంతు దాకా వచ్చింది.

"తెలియదు మామయ్యా."

"అబద్ధమైనా చెప్పొచ్చుగా."

"అత్త పేరుతో ఇప్పటికే చాలా చెప్పించాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిలో ఎవరో కొత్తగా కారు నేర్చుకుంటున్నారు. బండి గతుక్కుమని ఆగింది, మళ్లీ కదిలింది. ఆయన లోపలికి వెళ్లి కాసేపటికి రెండు కప్పులు పట్టుకుని వచ్చాడు. పిచ్చుక ఒక గుక్క తాగింది. ఆయన ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

"పాకంలా ఉంది మామయ్యా. చక్కెర పట్టుకెళ్లి కుమ్మరించారు."

ఆయన తన కప్పులోంచి ఒక గుక్క తాగాడు, మొహం చిట్లించాడు, ఇంకో గుక్క తాగాడు.

"కూర్చో" అన్నాడు. "నిలబడి తాగకు."

పిచ్చుక కూర్చుంది.